పీస్ రేటు టైలరు ఉద్యోగా, కాంట్రాక్టరా? బొటిక్ యజమానులు లెక్క నడపాల్సిన తీరు

"పీసుకింత అని ఇస్తున్నాం, వాళ్లు మా ఉద్యోగులెలా అవుతారు?" అని చాలామంది బొటిక్ యజమానులు అడుగుతారు. అవుతారు. ఈ తగాదా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షాపులో, షాపు మిషన్ల మీద, పీస్ రేటుకు కుట్టే టైలర్లు ఉద్యోగులేనని 1973లో సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో తీర్పు వచ్చింది. వాళ్లు ఒకే టైముకు రాకపోయినా, వేరే షాపుకు కుట్టినా ఆ తీర్పు మారలేదు. మిషన్ ఎవరిది, బాగా రాలేదని విప్పి మళ్లీ కుట్టించే అధికారం ఎవరిది అన్నది కోర్టు చూసింది.

కాబట్టి ముందు మీ దగ్గర పనిచేసే అందరి పేర్లూ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా మూడు సంగతులు చేర్చండి: పనిముట్లు ఎవరివి, సాయానికి ఇంకొకరిని పెట్టుకునే స్వేచ్ఛ ఉందా, పీసు పాడైతే నష్టం ఎవరిది. కటింగ్ మాస్టరు, షాపులో కూర్చునే టైలర్లు, హెమ్మింగ్ చేసే అమ్మాయి ఉద్యోగుల కిందికే వస్తారు. తన ఇంట్లో తన మగ్గం మీద, తన మనుషులతో నాలుగు షాపులకు పనిచేసే మగ్గం మాస్టరు (జాకెట్ల మీద జరీ, పూసల పని చేసేవాడు) మాత్రం కాంట్రాక్టరు.

ఎక్కువమంది దెబ్బతినేది తలల లెక్కలో. ఆరుగురు జీతం మీద, అయిదుగురు పీస్ రేటు మీద ఉంటే యజమాని ఆరే అనుకుంటాడు, కానీ లెక్క పదకొండు. పదిమందికి చేరితే ఈఎస్‌ఐ (పనివారి ఆరోగ్య బీమా), ఇరవైకి చేరితే పీఎఫ్ (భవిష్య నిధి) వర్తిస్తాయి. ఈఎస్‌ఐ నెలకు 21,000 దాకా సంపాదించేవాళ్లకు. పనివారి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. అంటే 14,000 తీసుకునే టైలరుకు 105, మీకు 455 రూపాయలు. మరుసటి నెల 15లోగా కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. పైగా గడిచిన నెలల పనివారి వాటాను ఇప్పటి జీతంలోంచి కోయకూడదు, అదీ మీ నెత్తినే పడుతుంది. తర్వాత మనుషులు తగ్గినా ఈఎస్‌ఐ ఆగదు.

పీస్ రేటు వాళ్లకూ నియామక పత్రం ఇవ్వండి, హాజరు రాయండి. పీసుల పుస్తకంలో రోజూ సంతకం తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా వేయండి, 7వ తేదీ దాటనివ్వకండి. అడ్వాన్సులకు వేరే పేజీ పెట్టాలి. జీతంతో కలిపి రాస్తే మూడు నెలల తర్వాత ఎవరికీ లెక్క తేలదు.

మగ్గం మాస్టరుతో పని హాజరుతో కాదు, చలానుతో నడవాలి. ప్రతి జాకెట్టుకూ రెండు కాపీల చలాను రాయండి. అందులో ఆర్డరు నంబరు, డిజైన్ ఫోటో, కూలీ, ఇవ్వాల్సిన తేదీ, పాడైతే బట్ట ఖరీదు ఎవరు భరిస్తారన్నది ఉండాలి. జరీ, పూసలు, కుందన్లు మీరే ఇస్తే గ్రాముల్లో తూచి రాయండి, మిగిలినవి తిరిగి తూచండి. "ఒక ప్యాకెట్" అని రాయడం వల్లే గొడవలు. కస్టమరుకు చెప్పిన తేదీకి కనీసం అయిదు రోజుల ముందు తేదీ ఆయనకు ఇవ్వండి. కుట్టుకూ ట్రయల్‌కూ ఆ మాత్రం వ్యవధి కావాలి. ఆయన్ను రోజూ పది గంటలకు రమ్మనకండి, సెలవు అడగమనకండి. అలా చేస్తే కాంట్రాక్టరన్న మాటకు బలం పోతుంది.

నిరుడు మీ అమ్మకాలు కోటి దాటి ఉంటే, ఆయనకిచ్చే ఒక బిల్లు 30,000 గానీ ఏడాది మొత్తం లక్ష గానీ దాటినప్పుడు 1 శాతం టీడీఎస్ (ఆయన తరఫున ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కోయాలి. పాన్ లేకపోతే అది 20 శాతం. అందుకే పాన్ మొదటి చలాను నాడే తీసుకోండి.

శ్రావణంలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఉద్యోగులను ఎక్కువ గంటలు ఉంచితే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలి. మగ్గం మాస్టరుకు అది వర్తించదు, కానీ అర్జంటు రేటు ఆషాఢంలోనే, పని తక్కువగా ఉన్నప్పుడే మాట్లాడి చలాను వెనక రాయించుకోండి.