తీరం దాటాక తలెత్తే చిక్కులు: సుదీర్ఘ సముద్రయానానికి బయలుదేరే దంపతులకు సమస్య – పరిష్కారం

హైదరాబాదులో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నవారికి హుస్సేన్ సాగరే బడి. ఆ నీటిలో ఉప్పు లేదు, ఆటుపోట్లు లేవు, రాత్రింబగళ్లు ఆగకుండా ఊపే అల లేదు. గాలి వాలును పసిగట్టడంలో అక్కడ ఆరితేరిన దంపతులు సైతం సొంత పడవను కొచ్చిలోని బొల్గాట్టి ద్వీపపు మెరీనాలో (పడవల రేవులో) సిద్ధం చేసుకొని అరేబియా సముద్రంలోకి వెళ్లినప్పుడు ఎదుర్కొనే చిక్కుల్లో చాలా భాగం ఈ మూడు తేడాల నుంచే పుడతాయి. అవి బయటపడే తీరునూ, వాటి కారణాన్నీ, పరిష్కారాన్నీ ఇక్కడ వివరిస్తున్నాను. కొచ్చి నుంచి మాల్దీవుల ఉత్తరపు కొసన ఉన్న ఉలిగాము దాకా సుమారు 260 నాటికల్ మైళ్లను (దాదాపు 480 కిలోమీటర్లను) తొలి మజిలీగా తీసుకున్నాను. 5 నాట్ల (గంటకు 5 నాటికల్ మైళ్ల) వేగంతో దానికి రెండు రోజులకు పైగా పడుతుంది. ఈశాన్యపు గాలి వీచే జనవరి, ఫిబ్రవరి నెలలు ఇందుకు అనువైనవి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు, నైరుతి రుతుపవనాల కాలంలో, చిన్న పడవతో ఆ దారి పట్టకూడదు.

ఇంజను రేవులో నడుస్తుంది, అలల్లో ఆగిపోతుంది

రేవులో గంటల తరబడి ఇబ్బంది పెట్టని ఇంజను, బయటి అలల్లోకి రాగానే వేగం పెరుగుతూ తగ్గుతూ చివరికి ఆగిపోతే, అనుమానించవలసింది ఇంజనును కాదు, డీజిల్ ట్యాంకును. ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడు లోపలి తేమ నీరుగా మారి అడుగుకు చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని మడ్డి కడుతుంది. నిశ్చలమైన నీటిలో అడుగునే ఉండే ఆ మడ్డి, పడవ ఊగడం మొదలుకాగానే పైకి లేచి ఫిల్టరును మూసివేస్తుంది.

ముందుగా తెరచాపలతో పడవను అదుపులో ఉంచాలి. తరువాత డీజిల్ నుంచి నీటిని వేరుచేసే గిన్నె అడుగు మర విప్పి అందులోని నీటిని వదలాలి, ఫిల్టరు మార్చాలి, బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) వదులు చేసి బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొట్టి ఎయిర్ లాక్ (గొట్టంలో చిక్కిన గాలి) తీయాలి. చాలా జంటల్లో ఇంజను భర్త వంతు, వంటగది భార్య వంతు అన్న పంపకం తనంతట తానే ఏర్పడుతుంది. ఒకరు జ్వరంతో పడుకున్న రాత్రి ఆ పంపకం ప్రాణాల మీదికి తెస్తుంది కనుక, రేవు విడిచేలోగా ఈ పనిని ఇద్దరూ టార్చి వెలుగులో, ఎవరి సాయమూ లేకుండా చేసి చూడాలని గట్టిగా చెబుతున్నాను. అసలైన నివారణ మాత్రం ట్యాంకు మూత విప్పించి లోపల కడిగించడం, బయలుదేరే ముందు దానిని నిండుగా నింపడం, ఫిల్టర్లను అవసరానికి మించి వెంట ఉంచుకోవడం.

ఇంజను నడుస్తున్నా పొగగొట్టం నుంచి నీరు చిమ్మకపోతే వెంటనే ఆపివేయాలి. సముద్రపు నీటిని లోపలికి తెచ్చే అడుగు వాల్వు మూసి ఉందేమో, జల్లెడలో నాచు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డుపడిందేమో చూసి, ఆ తరువాత పంపులో నీటిని నెట్టే రబ్బరు ఇంపెల్లర్‌ను పరీక్షించాలి. దాని రెక్కలు విరిగి ఉంటే, కొత్తది బిగించినంత మాత్రాన పని పూర్తికాదు. విరిగిన ముక్కలు ముందున్న గొట్టాల్లో చిక్కుకొని మళ్లీ నీటిని ఆపుతాయి కాబట్టి వాటిని వెతికి తీయాలి.

పడవ అడుగున నీరు చేరుతోంది

ఆ నీటిని వేలితో తాకి రుచి చూడడం మొదటి పరీక్ష. ఉప్పగా లేకపోతే మంచినీటి ట్యాంకు గొట్టం ఎక్కడో ఊడింది. ఉప్పగా ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వెళ్లే చోటును చూడాలి. పాతకాలపు ప్యాకింగ్ (షాఫ్ట్ చుట్టూ నీటిని ఆపే తాడు చుట్టు) ఉన్న పడవల్లో షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు రాలడం సహజమే. ధారగా వస్తే నట్టు కొద్దిగా బిగించాలి, అంతకు మించి బిగిస్తే ప్యాకింగ్ వేడెక్కుతుంది. అడుగు వాల్వులు ఇత్తడివైతే, గీకినప్పుడు లోహం గులాబీ రంగులో కనిపించడం ప్రమాద సూచన: అందులోని జింకు ఉప్పునీటిలో కరిగిపోయి పెళుసైన రాగి మిగిలిందని అర్థం. అటువంటి వాల్వును పడవ గట్టుమీద ఉండగానే మార్చాలి. ప్రతి వాల్వు పక్కన దానికి సరిపోయే కొయ్య బిరడాను కట్టి ఉంచాలి. హైదరాబాదు రాణిగంజ్‌లో కొనే హోస్ క్లిప్పుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం; పట్టీ స్టెయిన్‌లెస్ అయినా స్క్రూ మామూలు ఇనుముదై ఉండవచ్చు కాబట్టి, అయస్కాంతం అంటుకునే స్క్రూ ఉన్నదాన్ని తీసుకోకూడదు.

రాత్రి దీపాలు మసకబారి ఆటోపైలట్ ఆగిపోతోంది

కొన్ని గంటలు వాడకుండా ఉంచిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగానికి వచ్చినట్టు. తరచూ సగం కన్నా కిందికి దించితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. అయితే ఆటోపైలట్ (పడవను దానంతటదే దారిలో నడిపే యంత్రం) పనిచేస్తుండగా బ్యాటరీ దగ్గర 12.5, ఆటోపైలట్ దగ్గర 11.5 వోల్టులు చూపుతుంటే లోపం బ్యాటరీది కాదు, దారిలోని ఏదో అతుకుది. హైదరాబాదు ట్రూప్ బజార్‌లో ఇళ్ల కోసం అమ్మే మామూలు రాగి వైరు ఉప్పుగాలికి తొడుగు లోపలే నల్లబడుతుంది. పడవకు తగరపు పూత ఉన్న వైరే వేయించాలి. అప్పటిదాకా అతుకులను విప్పి గీకి శుభ్రం చేసి గ్రీజు పూయడం తాత్కాలిక చికిత్స.

మాస్ట్ తీగలో ఒక పోగు తెగింది, చుక్కాని చక్రం పట్టు ఇవ్వడం లేదు

మాస్ట్‌ను (తెరచాపను మోసే నిలువు స్తంభాన్ని) నిలబెట్టే ఉక్కు తీగ, కొసన ఉన్న లోహపు గొట్టంలోకి దూరే చోట ఒక్క పోగు తెగి కనిపించినా ఉపేక్షించకూడదు. తెరచాప విస్తీర్ణం తగ్గించి, గాలి రెండో పక్క నుంచి తగిలేలా పడవను తిప్పితే ఆ తీగ మీది బరువు తగ్గుతుంది. అప్పుడు డైనీమా అనే బలమైన కృత్రిమ తాడుతో దానికి తోడుకట్టు వేయాలి.

చుక్కాని చక్రానికి పట్టు పోతే అత్యవసర టిల్లర్ (చుక్కానిని నేరుగా తిప్పే పిడికర్ర) ఒక్కటే దిక్కు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 2018 మేలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన నౌకాదళ మహిళల పడవ తారిణి, స్టీరింగ్ లోపం వల్ల మారిషస్‌లోని పోర్ట్ లూయీలో అనుకోకుండా ఆగవలసి వచ్చింది. మన హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఆ బృందంలో ఒకరు. అంత శ్రద్ధగా సిద్ధం చేసిన పడవకే అది తప్పలేదు కనుక, టిల్లర్ ఉందని చూసుకోవడంతో సరిపెట్టక, దానితో ఒక పూటంతా పడవ నడిపి చూడాలి.

రెండో రోజుకు ఇద్దరికీ ఆకలి లేదు, మాటకు మాట పెరుగుతోంది

దీనిని మనస్తత్వాల సమస్యగా భావించి చాలామంది బాధపడతారు, కానీ మూలం శరీరంలో ఉంది. అలల ఊపుకు శరీరం అలవాటుపడడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. అంటే ఉలిగాము దాకా సాగే మజిలీ అంతా ఆ కాలంలోనే గడుస్తుంది. దానికి నిద్రలేమి, నీరు తక్కువ తాగడం తోడవుతాయి. వైద్యుని సలహాతో ఎంచుకున్న వాంతుల మందును ఇంటి దగ్గరే ఒకసారి వేసుకొని ఎంత మత్తు వస్తుందో తెలుసుకోవాలి, ప్రయాణంలో దానిని రేవు విడవక ముందే వేసుకోవాలి. మొదటి రోజు వంట పెట్టుకోకుండా, పొద్దున కలిపి ఉంచిన పెరుగన్నం, ఆ తరువాత చారన్నం వంటి తేలికపాటి తిండితో గడపడం మంచిది.

కాపలా వంతులు మూడేసి గంటలుగా ముందే నిర్ణయించుకొని గడియారం ప్రకారం పాటించాలి. పడుకున్నవారిని లేపడానికి మనసొప్పక తానే ఇంకో రెండు గంటలు మేలుకోవడం ప్రేమతో చేసే పనే అయినా, అలసిన కళ్లతో కాపలా కాయడం ఇద్దరికీ ముప్పు. లక్షద్వీప్‌లోని మినికాయ్‌కూ మాల్దీవులకూ మధ్య ఎనిమిదో డిగ్రీ జలమార్గంలో పెద్ద ఓడలు నిరంతరం తిరుగుతుంటాయి. దిగంతాన కనిపించిన ఓడ పావుగంటలో పడవ మీదికి రాగలదు. అందువల్ల చుట్టుపక్కల ఓడలను చూపే ఏఐఎస్ తెర ఉన్నా పది నిమిషాలకొకసారి లేచి చుట్టూ చూడాలి. నడుముకు తాడు తగిలించుకోకుండా, రెండోవారిని లేపకుండా ఎవరూ ముందు డెక్కు మీదికి వెళ్లకూడదు.

పడవలో గ్యాసు వాసన

వంటగ్యాసు గాలి కన్నా బరువైనది కనుక పడవ అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది. సిలిండరు దగ్గర మూసివేసి, ఏ స్విచ్చునూ తాకకుండా, బిల్జ్ పంపును (అడుగున చేరిన నీటిని తోడే పంపును) కూడా వేయకుండా, అన్ని మూతలూ తెరిచి గాలి ఆడనివ్వాలి. వాసన పూర్తిగా పోయాక సబ్బునీటితో అతుకులను పరీక్షించాలి.

లంగరు వేసినా పడవ జారుతోంది

కారణం తరచుగా లంగరు బరువు కాదు, వదిలిన గొలుసు పొడవు. 6 మీటర్ల లోతు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు 1 మీటరు ఎత్తు, పోటు వల్ల పెరిగే మరో మీటరు కలిపితే 8 మీటర్లు. గొలుసైతే దానికి ఐదు రెట్లు, అంటే 40 మీటర్లు, తాడైతే ఏడు రెట్లు వదలాలి. మాల్దీవుల్లో పగడపు బండల మీద లంగరు వేస్తే పగడం విరుగుతుంది, గొలుసు చిక్కుకుంటుంది కనుక, సూర్యుడు పైనుండగా చేరుకొని ఇసుక నేల తెల్లగా కనిపించే చోట వేయాలి. తరువాత ఇంజనును నెమ్మదిగా వెనక్కి నడిపి, తీరంలో ఒకే వరుసలో కనిపించే రెండు గుర్తులు ఆ వరుస తప్పకుండా ఉన్నాయని తేలాకే ఇంజను ఆపాలి.