కుండీలో మట్టి ఇటుకైపోతుంటే: నా అనుభవం

తిరుపతిలో మాది అపార్ట్‌మెంట్. వంటింటి కిటికీలో పెట్టిన పుదీనా నెల తిరక్కుండానే పసుపెక్కిపోయేది. నీళ్లు తగ్గించా, కుండీ మార్చా, చిటికెడు యూరియా కూడా వేశా. దండగ.

చివరికి మొక్కను పెకిలిస్తే కుండీ ఆకారంలోనే ఎర్రమట్టి గడ్డ ఊడొచ్చింది. నీళ్లన్నీ పక్కల నుంచి జారిపోతున్నాయి, నడుమ వేళ్లు పొడిపొడి.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకను రాత్రంతా నానబెట్టి, గోధుమరంగు నీళ్లు తేటపడేదాకా రెండుమూడుసార్లు కడిగా. అందులో ఉప్పు ఉంటుంది, కడగడం మాత్రం వదలొద్దు. రెండు పాళ్లు కోకోపీట్, ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్ట్, గుప్పెడు వేపపిండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి. నాకు మొదటిసారి విడిపోలేదు, ఇంకాస్త కోకోపీట్ కలిపా. కుండీ అడుగు చిల్లు మీద పెంకు ముక్క పెట్టి నింపా.

ఇరవై రోజులు ఎరువేమీ వేయలేదు. తర్వాత చెనిక్కాయ చెక్క నానబెట్టి పోస్తే ఇల్లంతా కంపు, మా ఆవిడ గొడవ! ఇప్పుడు పదిహేను రోజులకోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే, నీళ్లలో కరిగే ఎరువు), లీటరు నీళ్లకు ఒక గ్రాము.

మా కిటికీకి పొద్దున రెండు గంటల ఎండ వస్తుంది. వెలుగు లేని గదిలో ఇదే పనిచేస్తుందని చెప్పలేను. కలబందకైతే ఈ మిశ్రమం తేమెక్కువ, ఇసుక కలుపుకోండి.