పెళ్ళి ఫొటోల్లో కళ్ళను సహజంగా రీటచ్ చేయడం ఎలా?

రాత్రంతా నిద్ర లేకపోవడం, హోమం పొగ, చివర్లో అప్పగింతల ఏడుపు. ఇన్నీ దాటేసరికి పెళ్ళికూతురి కళ్ళు ఎర్రబడతాయి, కాటుక చెదిరిపోతుంది. ఆల్బమ్‌కి ఎంచుకునే మంచి క్లోజప్‌లు మాత్రం చాలాసార్లు ఆ వేళవే. వాటిని ఫొటోషాప్‌లో సరిచేసే పద్ధతి ఇది. ఫొటోషాప్ లేకపోతే బ్రౌజర్‌లో తెరుచుకునే ఫొటోపియాలో ప్రయత్నించండి, మెనూలు దాదాపు అవే.

1. ముందు రంగు సరిచూడండి

మండపం లైట్ల వల్ల ఫొటో మొత్తం పసుపు తిరిగి ఉంటే తెల్లగుడ్డు కూడా పసుపుగానే కనిపిస్తుంది. అది కంటి లోపం కాదు. వైట్ బ్యాలెన్స్ సరిచేశాకే కళ్ళ జోలికి వెళ్ళండి, సగం పని అక్కడే తగ్గుతుంది.

2. ఎరుపు తగ్గించండి

కొత్త ఖాళీ లేయర్ (ఫొటో మీద పరిచే పారదర్శకమైన పొర) తీసుకుని, స్పాట్ హీలింగ్ బ్రష్‌కి ‘శాంపుల్ ఆల్ లేయర్స్’ టిక్ పెట్టి, కొట్టొచ్చినట్టు కనిపించే లావు నరాలను మాత్రమే తుడవండి. సన్నవాటిని ఉండనివ్వండి.

తర్వాత హ్యూ/శాచురేషన్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి, జాబితాలో ‘రెడ్స్’ ఎంచుకుని శాచురేషన్‌ను మైనస్ 30, 40 దాకా దించండి. ముఖమంతా పాలిపోతుంది, కంగారు పడకండి. ఆ లేయర్ పక్కన కనిపించే తెల్ల పెట్టె, అంటే మాస్క్, మీద క్లిక్ చేసి కంట్రోల్+ఐ నొక్కితే అది నల్లగా మారి ప్రభావం మాయమవుతుంది. ఇప్పుడు అంచులు మెత్తగా ఉన్న బ్రష్ తీసుకుని, ఫ్లో (రంగు పడే వేగం) 10 శాతం పెట్టి, తెల్ల రంగుతో తెల్లగుడ్డు మీద మాత్రమే పూయండి. ముక్కు వైపు కంటి మూలలో ఉండే గులాబీ రంగు కండను ముట్టుకోవద్దు. దాని రంగు పోతే కన్ను ప్రాణం లేనట్టు అయిపోతుంది.

ఇక తెల్లగుడ్డును ఇంకా తెల్లగా చేయాలా? నన్నడిగితే చాలా ఫొటోల్లో అక్కర్లేదు. కనుగుడ్డు గుండ్రంగా ఉంటుంది, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది. ఆ నీడ చెరిపేస్తే కన్ను చదునైపోతుంది. తప్పదనుకుంటే కింది భాగంలో కొద్దిగా, అంతే.

3. నల్లగుడ్డుకి వెలుగు ఇవ్వండి

అసలు పని ఇక్కడే. మనలో ఎక్కువమందివి ముదురు గోధుమ రంగు కళ్ళు. ఫొటోలో నల్లగుడ్డు, దాని మధ్యలోని కంటిపాప కలిసిపోయి ఒకే నల్ల మచ్చలా కనిపిస్తాయి. రెండూ విడివిడిగా తెలిస్తే చాలు, చూపుకి లోతు వస్తుంది.

కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి గీతను మధ్యలో కొంచెం పైకి లాగండి. ఇందాకటిలాగే మాస్క్‌ను కంట్రోల్+ఐతో నల్లగా చేయండి. పూసే ముందు కంటిలో మెరిసే తెల్లచుక్క, అంటే క్యాచ్‌లైట్, ఎక్కడుందో చూడండి. లోపలికి వచ్చిన వెలుగు దానికి ఎదురు వైపున నల్లగుడ్డులో పరుచుకుంటుంది. చుక్క గడియారంలో పది అంకె దగ్గర ఉంటే, మీరు నాలుగు అంకె వైపు చంద్రవంకలా పూయాలి. చుట్టూ సమానంగా పూస్తే కాంటాక్ట్ లెన్స్ పెట్టుకున్నట్టుంటుంది. కంటిపాపనూ, నల్లగుడ్డు బయటి అంచునూ ముదురుగానే వదిలేయండి.

గోధుమ రంగు నారింజ వైపు తిరుగుతోందా? ఆ లేయర్ బ్లెండ్ మోడ్‌ను (కింది పొరలతో అది కలిసే తీరును) ‘లుమినాసిటీ’కి మార్చండి. క్యాచ్‌లైట్ అసలే లేని ఫొటోలో కొత్త చుక్క పెట్టే ప్రయత్నం నేనైతే చేయను. ముఖం మీది నీడలతో దానికి పొత్తు కుదరడం కష్టం.

4. షార్ప్ చేయండి

కంట్రోల్+షిఫ్ట్+ఆల్ట్+ఈ నొక్కితే ఇప్పటిదాకా చేసిందంతా కలిసి ఒక కొత్త లేయర్‌గా వస్తుంది. దానికి ఫిల్టర్ మెనూలోని ‘అదర్’ కింద ఉండే హై పాస్ ఇచ్చి, రేడియస్ 2 పిక్సెళ్ళ దగ్గర ఉంచి, బ్లెండ్ మోడ్ ‘ఓవర్‌లే’ చేయండి. ఆల్ట్ పట్టుకుని మాస్క్ గుర్తు నొక్కితే నల్ల మాస్క్ వస్తుంది. తెల్ల బ్రష్‌తో రెప్ప వెంట్రుకలు, కాటుక గీత, నల్లగుడ్డు మీద పూయండి. ఫోకస్ చెవి మీదకు పోయిన ఫొటోని మాత్రం ఇది కాపాడలేదు.

5. కాటుక, కళ్ళ కింద నలుపు

చెదిరిన కాటుకను మరో ఖాళీ లేయర్‌పై హీలింగ్ బ్రష్‌తో తుడవచ్చు. కళ్ళ కింద నలుపును కూడా వేరే లేయర్‌లో పూర్తిగా తీసేసి, తర్వాత ఆ లేయర్ ఒపాసిటీని (అది ఎంత గట్టిగా కనిపించాలన్న అంకెను) సగానికి దించండి. అక్కడి ముడత మొత్తం పోతే, నవ్వుతున్న ముఖంలో కళ్ళు మాత్రం నవ్వనట్టు ఉంటాయి.

6. దూరం నుంచి చూడండి

కంట్రోల్+0 నొక్కి ఫొటో మొత్తం తెర మీదకు తెచ్చుకోండి. ఆల్ట్ పట్టుకుని అట్టడుగు లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే ముందూ తర్వాతా మార్చి మార్చి చూడవచ్చు. ముఖం కంటే ముందు కళ్ళే కనిపిస్తున్నాయంటే ఒపాసిటీ తగ్గించాల్సిందే. పక్కనే పెళ్ళికొడుకు ఉంటే అతని కళ్ళతోనూ పోల్చండి. ఒక్కరికే మెరుపు పెడితే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

లేయర్లతో సహా పీఎస్‌డీగా (ఫొటోషాప్ సొంత ఫైల్‌గా) ఒక కాపీ దాచుకుని, ప్రింట్‌కి జేపీజీ పంపండి. ‘ఇంకొంచెం తగ్గించండి’ అని ఫోన్ వస్తే ఆ పీఎస్‌డీ తెరిచి ఒపాసిటీ స్లైడర్ జరిపితే సరిపోతుంది.