పాత సీసాలతో ఇంధన ట్యాంకులు: 28 మి.మీ. ఆటకు సీనరీ కిట్‌బాషింగ్

రెండు మూడు ప్లాస్టిక్ మోడల్ కిట్లలో మిగిలిన ముక్కల్ని, ఖాళీ సీసాల్ని, మూతల్ని కలిపి కొత్త కట్టడం చేయడమే కిట్‌బాషింగ్. సుమారు 28 మి.మీ. ఎత్తుండే బొమ్మలతో బల్ల మీద ఆడే ఆట కోసం ఇక్కడ చేయబోయేది రెండు ఇంధన ట్యాంకులు, వాటిని కలిపే నడకదారి. బల్ల మీద అందంగా కనబడితే చాలదు. బొమ్మ దాని మీద నిలబడాలి, వెనక దాక్కోవాలి, చెయ్యి తగిలితే విరగకూడదు.

అందుకని జిగురు తీయకముందే అన్నీ పొడిగా పేర్చి, ఆడబోయే బొమ్మను పక్కన పెట్టి చూడండి. 28 మి.మీ. బొమ్మలకు తలుపు 40 మి.మీ. ఎత్తుంటే సరిపోతుంది. 32 మి.మీ. బేస్ (బొమ్మ పాదాల కింది గుండ్రటి దిమ్మె) నిలవాలంటే నడకదారి లోపలి వెడల్పు కనీసం 40 మి.మీ. ఉండాలి. రెయిలింగ్ మందం ఇందులో కలపకండి, చాలామంది తప్పేది అక్కడే. పైకప్పు ఉంటే కింద 75 మి.మీ. ఖాళీ వదలండి, లేకపోతే వేళ్లు దూరవు.

అడుగుకు 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక), 200 × 150 మి.మీ. అంచుల్ని ఉప్పుకాగితంతో ఏటవాలుగా అరగదీయండి. మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అట్ట మాత్రం వద్దు: తెల్ల జిగురు ఒకవైపే పూస్తే ఆరేటప్పుడు అది లాగేసి అట్ట పైకి వంగుతుంది. ఎండీఎఫ్‌కైనా కింది వైపు కూడా ఒక పూత వేయడం మేలు.

అసలు చిక్కంతా జిగురుతోనే. సీసా అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి. 6 అంటే పాలీస్టైరీన్. కిట్ల ప్లాస్టిక్ కూడా సాధారణంగా అదే. ప్లాస్టిక్ సిమెంట్ దాన్ని కొద్దిగా కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేసేస్తుంది. 1 (పెట్), 2, 5 అంకెలున్న వాటి మీద ఆ సిమెంట్ పనిచేయదు. 2, 5 అయితే మరీ మొండివి: సూపర్ గ్లూ పట్టినట్టే పట్టి, తర్వాత పెచ్చులా ఊడొస్తుంది. వీటిని 240 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేసి, 1 మి.మీ. రంధ్రం పెట్టి, తీగముక్క గుచ్చి ఎపాక్సీతో బిగించండి. బరువు తీగ మీద పడాలి, జిగురు మీద కాదు.

థర్మాకోల్‌గానీ ఫోమ్‌గానీ వాడితే ఇంకో జాగ్రత్త. మామూలు సూపర్ గ్లూ, స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) రెండూ దాన్ని తినేస్తాయి. తెల్ల జిగురులో నల్ల యాక్రిలిక్ రంగు కలిపి రెండు పూతలు వేయండి. ఒక్క సందు మిగిలినా స్ప్రే అక్కడే గుంట పెడుతుంది.

ఇప్పుడు సీసా సీసాలా కనబడకుండా చేయాలి. దాన్ని పట్టించేవి రెండే: మూత మరలు, ఉబ్బెత్తు అక్షరాలు. 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీట్‌ను 5 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి వాటి మీదుగా చుట్టండి; పట్టీ మీద టూత్‌పిక్‌తో తెల్ల జిగురు చుక్కలు వరసగా పెడితే రివెట్లు. తర్వాత ఒక నిచ్చెన, ఒక చిన్న తలుపు. ఇవి లేకపోతే ఎంత వివరంగా చేసినా కంటికి కొలత అందదు. పైపులకు వంగే స్ట్రాలు బాగుంటాయి, మడత భాగం అచ్చం కీలులా కనబడుతుంది. కానీ స్ట్రా మీద రంగు నిలవదు, పలచని టిష్యూ కాగితాన్ని తెల్ల జిగురుతో చుట్టాకే అతికించండి.

ప్రైమర్‌కు ముందు ప్లాస్టిక్‌నంతా సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టండి. ఆపైన ఒకే రంగు ప్రైమర్ వేస్తే ముక్కలన్నీ ఒక్క వస్తువైపోతాయి, దాగిన సందులూ బయటపడతాయి. వాటిని పుట్టీతో పూడ్చి మళ్లీ పలచగా స్ప్రే చేయండి. ముదురు రంగు, దానిమీద డ్రైబ్రష్ (దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో లేత రంగును అంచులకు తాకించడం), అంచుల్లో స్పాంజి ముక్కతో తుప్పు, మూలల్లో వాష్ (బాగా పలచన చేసిన ముదురు రంగు). ఇంతకు మించి కష్టపడక్కర్లేదు, ఆటలో ఎవరైనా చూసేది అడుగు దూరం నుంచే.

చివరికి మ్యాట్ వార్నిష్. అది ఆరాక ఒక రోజు ఆగకుండా ఒకదానిమీదొకటి పేర్చి దాస్తే, పూతలు అంటుకుని విడదీసేటప్పుడు రంగు ఊడొస్తుంది.