కొత్తగా తెరిచిన ఎక్స్‌ప్రెస్‌వే మీద మొదటిసారి వెళ్తున్నారా, బండి తీసే ముందు ఇది ఒకసారి చదవండి

కొత్త రోడ్డు తెరిచిన నాలుగో రోజే నేను కారు తీసుకుని వెళ్ళా. రోడ్డు అద్దంలా ఉంది, ముందూ వెనకా పెద్దగా బండ్లు లేవు, హాయిగా ఏ తొంభైలోనో వెళ్తున్నా అనుకుంటున్నా, పక్క సీట్లోంచి మా ఆవిడ "ఏవండీ, ఒకసారి మీటర్ చూడండి" అంది. చూస్తే 128. అప్పుడు నిజంగా భయమేసింది, స్పీడుకి కాదు, నాకు తెలీకుండా అంత స్పీడు ఎలా ఎక్కిందా అని. ఆ తర్వాత అదే రోడ్డు మీద చాలాసార్లు తిరిగా, తెలిసినవాళ్ళు చాలామంది వాళ్ళకి జరిగినవి చెప్పారు, అవన్నీ కలిపి ఇప్పుడు మొదటిసారి వెళ్ళేవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నా.

ముందు ఆ స్పీడు సంగతే చెప్తా, ఎందుకంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. మనం ఎంత వేగంగా వెళ్తున్నామో మన కళ్ళు లెక్కేసేది పక్కనుంచి వెనక్కి పోయే వాటిని బట్టి, చెట్లు, గోడలు, కరెంటు స్తంభాలు, ఎదురొచ్చే బండ్లు. ఎక్స్‌ప్రెస్‌వే మీద అవన్నీ దూరంగా ఉంటాయి, రోడ్డు వెడల్పు, మలుపులు కనపడనంత నెమ్మదిగా తిరుగుతాయి, గుంతలు లేవు కాబట్టి ఒంటికి కుదుపు కూడా తెలీదు. అందుకే 120 కూడా 80 లాగే అనిపిస్తుంది. మీ అంచనాని నమ్మకండి, మీటర్‌ని నమ్మండి, బండిలో క్రూజ్ కంట్రోల్ గానీ స్పీడ్ అలర్ట్ గానీ ఉంటే లిమిట్‌కి పెట్టేసుకోండి. 120లో బండి సెకనుకి 33 మీటర్లు పోతుంది. ముందు ఏదో అడ్డం వచ్చిందని మీకు అర్థమై కాలు బ్రేక్ మీదకి వెళ్ళేసరికే ఒకటిన్నర సెకను, అంటే 50 మీటర్లు అయిపోతాయి, ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి టైర్లతో కూడా ఆగడానికి ఇంకో 80 మీటర్ల దాకా పడుతుంది. అదే 60లో అయితే బ్రేక్ పడ్డాక 20 మీటర్లలో ఆగుతుంది. స్పీడు రెట్టింపు అయితే బ్రేక్ పడ్డాక ఆగే దూరం నాలుగు రెట్లు అవుతుంది, ఇది బండి ఎంత ఖరీదైనదైనా మారదు. పోనీ అంత స్పీడుతో మిగిలేదెంత అని చూస్తే 50 కిలోమీటర్ల దూరానికి 100కి 120కి తేడా ఐదు నిమిషాలు. లిమిట్ 120 ఉన్నా సరే, మొదటి ట్రిప్‌లో తొంభైకీ వందకీ మధ్యే ఉండమంటాను నేను. టైం రికార్డు కొట్టడానికి కాదు, రోడ్డు తెలుసుకోవడానికి వెళ్తున్నాం అనుకోండి.

బండి సంగతి. ఊళ్ళో రోజుకి పది పదిహేను కిలోమీటర్లు తిరిగే కారు ఒక్కసారిగా గంటన్నర పాటు ఆగకుండా వందలో పరిగెత్తితే అప్పటిదాకా బయటపడని లోపాలన్నీ అప్పుడే బయటపడతాయి. ఇది ఎక్కడైనా అంతే. బ్రిటన్‌లో ఎం1 మోటార్‌వే (మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిదే, అక్కడ అలా అంటారు) మొదటి భాగం 1959 నవంబర్ 2న తెరిచినప్పుడు చాలా కార్లు రేడియేటర్లు మరిగిపోయి పక్కన ఆగిపోయాయి, అప్పటి కార్లు అంతసేపు ఫుల్ స్పీడ్‌లో నడపడానికి అలవాటు పడినవి కావు. అప్పుడు దాని మీద స్పీడ్ లిమిట్ లేదు, మధ్యలో బ్యారియర్ కూడా లేదు, రోడ్డు తెరిచిన రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ మొదటి రోజు జనం నడిపిన స్పీడు చూసి తనే కంగారుపడ్డాడు. గంటకి 70 మైళ్ళు, అంటే సుమారు 112 కిలోమీటర్ల లిమిట్ వచ్చింది 1965 డిసెంబర్‌లో. ఇప్పటి కార్లు వాటికంటే ఎంతో నయం, కానీ కూలెంట్ తగ్గి ఉన్నా, ఫ్యాన్ బెల్ట్ పగుళ్ళిచ్చి ఉన్నా ఇప్పటి కారు కూడా ఆగిపోతుంది. బయల్దేరే ముందు రోజు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్, ఆయిల్ లెవెల్ చూడండి, వైపర్ నీళ్ళు నింపండి (ఆ స్పీడుకి పురుగులు అద్దానికి కొట్టుకుని అంటుకుపోతాయి, సాయంత్రం పూట అయితే మరీ).

టైర్ల దగ్గర మాత్రం కాస్త టైం పెట్టండి. గాలి తక్కువున్న టైరు తిరిగే ప్రతి చుట్టుకీ పక్క గోడ దగ్గర నొక్కుకుని లేస్తుంది, అలా నొక్కుకున్నప్పుడల్లా వేడి పుడుతుంది, స్పీడు పెరిగేకొద్దీ ఆ వేడి బయటికి పోయే టైం ఉండదు, చివరికి లోపల పొరలు విడిపోయి పేలుతుంది. ఎండకి టైర్లు పేలతాయని గాలి కాస్త తక్కువ పెట్టిస్తారు చాలామంది, అది పూర్తిగా రివర్స్. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంత గాలి పెట్టాలో ఉంటుంది, మనుషులు, లగేజ్ ఫుల్‌గా ఉంటే వేరే నంబర్ కూడా ఉంటుంది, టైరు చల్లగా ఉన్నప్పుడు అంత పెట్టించండి. తర్వాత టైరు గోడ మీద సైజు పక్కన చివర్లో ఒక అక్షరం ఉంటుంది, ఎస్ అయితే గంటకి 180 కిలోమీటర్ల దాకా, టి అయితే 190, హెచ్ అయితే 210 తట్టుకుంటుందని. నాలుగంకెల నంబర్ ఇంకోటి ఉంటుంది, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు బాగానే ఉన్నాయి కదా అని పదేళ్ళ నాటి టైరుతో ఎక్కొద్దు, రబ్బరు ఎండిపోయి ఉంటుంది. స్టెప్నీలో కూడా గాలి చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

పెట్రోలు, డీజిలు, కరెంటు బండి అయితే ఛార్జింగ్, ఏదైనా సరే ఎక్కే ముందే ఫుల్ చేసుకోండి. కొత్త రోడ్డు మీద సర్వీస్ ఏరియాలు బోర్డు మీద ఉంటాయి, అక్కడికెళ్తే ఖాళీ స్థలం, కంచె, కట్టడం నడుస్తున్న గోడలు ఉంటాయి. రోడ్డు ముందు తెరుస్తారు, బంకులూ టాయిలెట్లూ చాలాచోట్ల తర్వాతే వస్తాయి. పైగా మీ బండి రోజూ ఇచ్చే మైలేజ్‌తో లెక్క వేసుకోకండి, 90 నుంచి 120కి వెళ్తే ఎదురుగాలి తోపు దాదాపు 1.8 రెట్లు అవుతుంది, ఎలక్ట్రిక్ కార్లకి ఇది బాగా తెలిసిపోతుంది, రేంజ్ కళ్ళ ముందే పడిపోతుంటుంది. మంచినీళ్ళు, పిల్లలుంటే తినడానికి ఏదైనా ఇంటి నుంచే పెట్టుకోండి.

ఇంక దారి. మొదటి వారాల్లో నావిగేషన్‌కి కొత్త రోడ్డు తెలీదు. నా ఫోన్‌లో నా కారు పొలాల మధ్యలో వెళ్తున్నట్టు చూపించి ప్రతి నిమిషానికీ పాత రోడ్డుకి తిప్పమని చెప్తూనే ఉంది, దాన్ని చూస్తూ చూస్తూ నేను దిగాల్సిన ఎగ్జిట్ దాటేశా, తర్వాతి ఎగ్జిట్ 22 కిలోమీటర్ల దూరంలో ఉంది. వెళ్ళి తిరిగొచ్చా, నలభై కిలోమీటర్ల పైన ఎక్కువైంది, అయినా అదే కరెక్ట్. ఎగ్జిట్ దాటిపోతే బండి ఆపకండి, రివర్స్ అసలు చేయకండి, చివరి నిమిషంలో చారల మీదుగా కోసుకుంటూ పోకండి. వెనకొచ్చేవాడు 33 మీటర్లు సెకనుకి వస్తున్నాడు, వాడికి మీరు రివర్స్‌లో ఉన్నట్టు అర్థమయ్యేసరికి దగ్గరికొచ్చేసి ఉంటాడు. ఇంట్లోనే మీరు దిగే ఎగ్జిట్ పేరు, నంబర్, దానికి ముందు వచ్చే ఎగ్జిట్ పేరు ఒక కాగితం మీద రాసుకుని పక్కవాళ్ళకి ఇవ్వండి, బోర్డులు వాళ్ళు చదువుతారు. కొన్ని బోర్డుల మీద ఇంకా గోతాలు కప్పి ఉంటాయి, ఇంకొన్ని చోట్ల రోడ్డు ముక్కలు ముక్కలుగా తెరుస్తారు, ఫలానా చోట అయిపోయి డైవర్షన్‌లో పాత రోడ్డు మీదకి దింపుతారు, అక్కడ వంద నుంచి నలభైకి రావాలి. కాషాయ రంగు డ్రమ్ములు, బాణం గుర్తులు కనపడగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి.

ఎక్కేటప్పుడు చాలామంది చేసే తప్పు, ర్యాంప్ (ఎక్స్‌ప్రెస్‌వే మీదకి ఎక్కించే, దింపే పక్క దారి) చివర్లో ఆగి సందు కోసం చూడటం. అక్కడ పొడుగ్గా ఇచ్చిన లేన్ స్పీడు పెంచుకోవడానికే, ఇండికేటర్ వేసి మెయిన్ రోడ్డు మీద బండ్ల స్పీడుకి దగ్గరగా వచ్చి, అద్దం చూసి, భుజం మీదుగా ఒక్క చూపు వెనక్కి చూసి కలవండి. ముప్ఫైలో వచ్చి కలిస్తే మీకూ ప్రమాదం, వెనకవాడికీ ప్రమాదం. దిగేటప్పుడు దీనికి ఉల్టా, మెయిన్ లేన్‌లోనే బ్రేకులు వేయకండి, దిగే లేన్‌లోకి పూర్తిగా వచ్చాకే తగ్గించండి. మధ్యలో డివైడర్ పక్కనుండే లేన్ ఓవర్‌టేక్ చేయడానికి, ఖాళీగా ఉంది కదా అని అక్కడే సెటిల్ అవ్వకండి, దాటేసి మళ్ళీ పక్కకి వచ్చేయండి. ముందు బండికీ మీకూ రెండు సెకన్లు తగ్గకుండా గ్యాప్ ఉండాలి, వాన పడితే నాలుగు. ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలెట్టండి, మీరు అదే స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఎంత అయిందో తెలుస్తుంది. పెద్ద లారీని దాటేటప్పుడు దాని పక్కనున్నంతసేపు గాలి ఆగుతుంది, దాటగానే ఒక్కసారి పక్కనుంచి తోస్తుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి. ఎత్తైన వంతెనల మీదా అంతే.

కొత్త రోడ్డు కదా, అన్నీ బాగుంటాయి అనుకుంటాం. బ్రిటన్‌లో మొట్టమొదటి మోటార్‌వే ప్రెస్టన్ బైపాస్, 1958 డిసెంబర్ 5న ప్రధాని హెరాల్డ్ మెక్‌మిలన్ తెరిచాడు, 46 రోజులకే మూసేశారు, నీళ్ళు కిందకి దిగి గడ్డకట్టి రోడ్డు పైపొర దెబ్బతింది. ఏ రోడ్డైనా బండ్లు తిరిగాకే, ఒక వాన పడ్డాకే ఎక్కడ ఏం లోపం ఉందో తెలుస్తుంది. ముఖ్యంగా వంతెన మొదలయ్యే చోటు, అయిపోయే చోటు చూసుకోండి. వంతెన గట్టి పునాది మీద ఉంటుంది, దాని రెండు వైపులా పోసిన మట్టి కట్ట మెల్లగా కుంగుతుంది, దాంతో అక్కడ ఒక మెట్టులా ఏర్పడుతుంది, దూరం నుంచి కనపడదు, వందలో వెళ్తే బండి లేచి పడుతుంది, వెనక సీట్లో బెల్ట్ పెట్టుకోనివాళ్ళ తల పైకప్పుకి తగులుతుంది. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా బెల్ట్ పెట్టించాకే బయల్దేరండి. ఇంకోటి, కొత్త తారు రోడ్డు మీద రాళ్ళకి తారు పొర అంటుకునే ఉంటుంది, టైర్లు తిరిగి తిరిగి అది అరిగేదాకా పట్టు కాస్త తక్కువ, తొలి వానలో బ్రేకులు గట్టిగా కొట్టకండి. నీళ్ళు నిలిచిన చోట స్టీరింగ్ తేలికైపోయినట్టు అనిపిస్తే టైరు నీళ్ళ మీద తేలుతోందని అర్థం, బ్రేక్ కొట్టకుండా, తిప్పకుండా, యాక్సిలరేటర్ మెల్లగా వదిలేయండి, పట్టు దొరుకుతుంది.

రోడ్డు వెయ్యకముందు అక్కడ మనుషులు నడిచిన దారులున్నాయి, పశువులు, అడవి జంతువులు దాటిన దారులున్నాయి. రోడ్డు వచ్చిందని వాటికి ఒక్క రోజులో తెలీదు. కంచె పూర్తికాని చోట, పొద్దు వాలేటప్పుడు, తెల్లవారుజామున ఎవరో ఒకరు, ఏదో ఒకటి అడ్డం వస్తుంది. మొదటి ట్రిప్ పగటి పూటే పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఎదురుగా వచ్చేవాడు కూడా ఉండొచ్చు, ఏ ర్యాంప్ ఎటో అర్థంకాక తప్పు వైపు ఎక్కేసినవాళ్ళు మొదట్లో దొరుకుతారు. మీతో పాటు రోడ్డు మీద ఉన్న ప్రతివాడూ ఆ రోడ్డుకి కొత్తవాడే అనుకుని నడపండి.

ఫోటోల కోసం వంతెన మీద, షోల్డర్ (లేన్ల పక్కన రోడ్డు అంచున వదిలిన పట్టీ) మీద ఆపడం మాత్రం దయచేసి వద్దు. ఎంత అందంగా ఉన్నా వద్దు. షోల్డర్ పాడైన బండి కోసం, అంబులెన్స్ కోసం. నిజంగానే బండి ఆగిపోతే వీలైనంత పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, ట్రాఫిక్ లేని వైపు డోర్లోంచి అందరూ దిగి బ్యారియర్ అవతలికి వెళ్ళిపోండి, బండిలో కూర్చోవద్దు, దాని వెనక నిలబడొద్దు. బ్యారియర్ అవతల కూడా ట్రాఫిక్ వచ్చే వైపుకి కొంత దూరం నడిచి నిలబడండి, మీ బండిని ఎవరైనా గుద్దినా అది ముందుకే పోతుంది. రోడ్డు పక్కనుండే కిలోమీటర్ నంబర్, మీరు ఏ వైపు వెళ్తున్నారో చూసి హెల్ప్‌లైన్‌కి చెప్పండి, మ్యాప్‌లో లేని రోడ్డు మీద మీ లొకేషన్ వాళ్ళకి దొరికేది దాన్ని బట్టే.

నిద్ర. గంటసేపు ఒకే రకం రోడ్డు, ఒకే శబ్దం, కళ్ళు తెరిచే ఉంటాయి కానీ గత పది కిలోమీటర్లలో ఏం చూశారో గుర్తుండదు. అలా అనిపించిన మరుక్షణం తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోండి. కిటికీ తీయడం, పాటలు సౌండ్ పెంచడం పనిచేయవు, పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీస్తేనే పనిచేస్తుంది.

చివరగా దిగే ర్యాంప్. గంటసేపు వందలో వచ్చాక అరవై అంటే నడుస్తున్నట్టు ఉంటుంది. మొదటి రోజు నేను ర్యాంప్ మలుపులోకి నలభైలో వచ్చా అనుకున్నా, టైర్లు కీచుమన్నాక చూస్తే 70, మలుపు బయటి వైపు బ్యారియర్ అద్దానికి జానెడు దూరంలో పోయింది. ఇప్పుడు ర్యాంప్ మొదట్లో బోర్డు మీద 40 అని ఉంటే మీటర్ ముల్లు 40 మీదకి వచ్చేదాకా కాలు బ్రేక్ మీదే ఉంచుతా, పాత రోడ్డు మీదకి వచ్చాక కూడా మొదటి ఐదు నిమిషాలు మీటర్ చూస్తూనే నడుపుతా.