ఎంకే అల్ట్రా మీద గ్రంథాలయంలో గంటన్నర సభ నడపడం ఎలా

నెల్లూరు, కావలి, ఒంగోలు గ్రంథాలయాల్లో ఏ సభ పెట్టినా పెద్దవాళ్లే వస్తారని బాధపడేవాళ్లు ఎంకే అల్ట్రాను ఎంచుకోండి, కుర్రకారు వస్తారు. మనిషి మనసును అదుపు చేసే దారులు వెతుకుతూ అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా నడిపిన ప్రయోగాల పథకం ఇది. లేనివి కనిపించేలా చేసే ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు అందులో ముఖ్యం. యూట్యూబ్‌లో సగం వినేసి మరీ వస్తారు. వాళ్ల మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది: "అన్నా, హిప్పీలను పుట్టించింది సీఐఏనే కదా?" హిప్పీలంటే 1960ల్లో ఎల్‌ఎస్‌డీ లాంటి మత్తుతో, కట్టుబాట్లను కాదని తిరిగిన అమెరికా కుర్రకారు. ఈ మాటలో కాగితం మీద రుజువైంది ఎంత, ఊహ ఎంత అని విడదీసి చూపడమే సభ పని.

నాలుగు డ్రాయింగ్ షీట్లు, నలుపు, ఎరుపు లావు స్కెచ్ పెన్నులు, తగిలించడానికి దారం, క్లిప్పులు చాలు. ప్రొజెక్టర్ వద్దు. కరెంటు పోతే సభ ఆగిపోతుంది, పైగా తెర మీద ఒక పేజీ వస్తే ముందు పేజీ పోతుంది. చార్టులయితే అన్నీ కళ్ల ముందే ఉంటాయి. చివరి బెంచీకి కనిపించేలా అక్షరాలు రెండంగుళాలు ఉండాలి. ఆధారం ఉన్నది నలుపుతో, అనుమానం ఎరుపుతో రాయండి. ఇది ముందురోజే చేసుకోవాలి. మాటల ఊపులో రెండూ కలిసిపోతాయి, ఎవరికైనా.

మొదటి చార్టు తేదీలకు. 1938లో స్విట్జర్లాండ్ బాసెల్‌లోని సాండోజ్ మందుల కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఎల్‌ఎస్‌డీ తయారుచేశాడు. 1943 ఏప్రిల్ 19న 250 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పావు వంతు, తానే తీసుకుని చూశాడు. 1953 ఏప్రిల్ 13న సీఐఏ అధిపతి అలెన్ డల్లెస్ ఎంకే అల్ట్రాకు అనుమతిచ్చాడు, నడిపింది సిడ్నీ గాట్లీబ్ అనే రసాయన శాస్త్రవేత్త. అదే ఏడాది నవంబరులో ఫ్రాంక్ ఓల్సన్ అనే సైనిక శాస్త్రవేత్తకు చెప్పకుండా మద్యంలో ఎల్‌ఎస్‌డీ కలిపి ఇచ్చారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. ఇంతవరకు నలుపు. తోసేశారా, దూకాడా అన్నది ఎరుపు.

రెండో చార్టు కాగితాల కథ. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే, ఇరవై నిమిషాలు కేటాయించండి. 1973లో అప్పటి సీఐఏ అధిపతి రిచర్డ్ హెల్మ్స్ ఎంకే అల్ట్రా ఫైళ్లను నాశనం చేయించాడు. 1977లో అమెరికా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సుమారు 20 వేల పేజీలు బయటపడ్డాయి. డబ్బు లెక్కల ఫైళ్లు కావడంతో వేరేచోట పడి ఉండి మిగిలిపోయాయి. ఏ సంస్థకు ఎంత డబ్బు వెళ్లిందో వాటిలో చాలావరకు దొరుకుతుంది. గదిలో మనిషికి ఏం జరిగిందో దొరికేది తక్కువ. కాబట్టి "20 వేల పేజీల రహస్యాలు" అని ఊదరగొట్టకండి. అలాగే 1977 ఆగస్టు 3న సెనేట్ విచారణలో చెప్పిన 149 ఉప పథకాలు అన్నీ ఎల్‌ఎస్‌డీవి కావు. హిప్నాటిజం ఉంది, ఇంద్రజాలికుడి చేతివాటం మీద పుస్తకం రాయించడం కూడా ఉంది. ఎడ్జ్‌వుడ్ అనే అమెరికా సైనిక కేంద్రంలో సైనికుల మీద జరిగిన పరీక్షలు సైన్యానివి. వాటిని సీఐఏ ఖాతాలో వేస్తే చదువుకున్న శ్రోత అక్కడే పట్టుకుంటాడు.

ఇదే చార్టు కింద భాగంలో పేరు రాని మనుషులకు చోటివ్వండి. కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ అనే వైద్యుడు కొందరు ఖైదీలకు వరుసగా 77 రోజులు ఎల్‌ఎస్‌డీ ఇచ్చాడు. మత్తుకు అలవాటుపడిన ఆ మనుషులకు బహుమానం మళ్లీ మత్తుమందే. మాంట్రియల్‌లో ఇవెన్ కామెరాన్ అనే మానసిక వైద్యుడి దగ్గరికి దిగులు, ఆందోళన తగ్గించమని వచ్చిన రోగులు జ్ఞాపకాలే పోగొట్టుకుని వెళ్లారు. కవులు, గాయకుల కథకు చప్పట్లు పడతాయని ఈ పదిహేను నిమిషాలను కోసేయకండి. అసలు నష్టపోయింది వీళ్లు.

మూడో చార్టు ఆసుపత్రి నుంచి వీధికి. నవలా రచయిత కెన్ కేసీ 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా మెన్లో పార్క్ మాజీ సైనికుల ఆసుపత్రిలో డబ్బు తీసుకుని ఇలాంటి మందుల ప్రయోగానికి కూర్చున్నాడు. 1964లో రంగులేసిన బస్సులో దేశం చుట్టాడు, 1965, 66ల్లో పాటలు, లైట్ల మధ్య ఎల్‌ఎస్‌డీ పంచే సభలు పెట్టాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ సంగీత బృందానికి పాటలు రాసిన రాబర్ట్ హంటర్ కూడా ఇలాంటి ప్రయోగంలో పాల్గొన్నవాడే. ఇది నలుపు. యువతను చెడగొట్టడానికే సీఐఏ ఈ మందును బయటికి వదిలిందన్నది ఎరుపు. హార్వర్డ్‌లో టిమోతీ లియరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో మొదలుపెట్టిన మత్తుమందుల ప్రయోగాలు వేరు, ఆ గీతను దీనితో కలపకండి. వీధిలోకి కుప్పలుగా వచ్చిన సరుకు ఔస్లీ స్టాన్లీ లాంటివాళ్లు సొంతంగా తయారుచేసింది. 1966 అక్టోబరు 6న కాలిఫోర్నియా ఈ మందును నిషేధించింది.

నాలుగో షీటు ఖాళీగా ఉంచి ప్రశ్నలకు వాడండి. మన నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట పేరు రాకుండా ఉండదు. సర్కారే సారా పోయించింది కదా, 1992లో ఆడవాళ్లు దుకాణాలు మూయించారు కదా అంటారు. రానివ్వండి, మంచి చర్చ. తేడా మాత్రం రాయండి: సారా తాగేవాడికి అది సారా అని తెలుసు, ఓల్సన్‌కు గ్లాసులో ఏముందో తెలియదు. "సమ్మతి" అన్న మాట పెద్దక్షరాలతో రాసి కింద గీత పెట్టండి. సాహిత్యం మనుషులు 1965 నాటి దిగంబర కవుల్ని తెస్తారు. కాలం కలిసింది గానీ వాళ్ల కోపానికి కారణాలు ఇక్కడివే. గీత గీయొద్దు. అమెరికా కవి అలెన్ గిన్స్‌బర్గ్ 1962, 63ల్లో కలకత్తాలో "హంగ్రీ" అనే బెంగాలీ తిరుగుబాటు కవులతో గడిపాడు, అంతవరకు చెప్పవచ్చు.

ఈ మందు ఎక్కడ దొరుకుతుందని ఎవరో ఒక కుర్రాడు అడుగుతాడు. కసరకండి. మాదకద్రవ్యాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 0.1 గ్రాముకు మించి దగ్గరుంటేనే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్ల జైలు అని చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.

ఆరుకు మొదలెట్టి ఏడున్నరకు ఆపేయండి, పొదలకూరు, ఆత్మకూరు బస్సులు పట్టుకోవాల్సినవాళ్లుంటారు. తేదీలకు పది నిమిషాలు, కేసీ కథకు పదిహేను, ప్రశ్నలకు అరగంట. చార్టులు వారంపాటు రీడింగు రూములో తగిలించి, పక్కన నల్ల పెన్ను కట్టి ఉంచండి. ఎరుపులో ఉన్నదానికి ఎవరైనా ఆధారం తెస్తే, చూసి సరిపోల్చుకున్నాకే నలుపులోకి మార్చాలి.