బడి ఆవరణలో ముగ్గుతో దక్షిణాసియా పటం వేయించడం ఎలా

నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా పిల్లల నాన్నలు చాలామంది ఏటా చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు. అందుకే మా క్లాసులో సరిహద్దు పాఠం వచ్చిందంటే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వెళ్ళిన మర బోట్లని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నప్పుడు, మన ఆంధ్ర మత్స్యకారులు 20 మంది ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికి వచ్చారు. ఆ రోజుల్లో ఒక పిల్ల అడిగింది: "మేడం, సంద్రంలో గీత ఎక్కడుంటాది?" గోడ మీది పటం చూపించి జవాబు చెప్పలేకపోయాను. ఆ పటంలో గీతలన్నీ ఒకే మందం, ఒకే నలుపు. ఎప్పట్నుంచో అలాగే ఉన్నట్టు కనబడతాయి.

అప్పట్నుంచి ఏటా సంక్రాంతి సెలవులయ్యాక నేల మీద పటం వేయిస్తున్నాను. వానలుండవు, ఇళ్ళల్లో ముగ్గూ రంగులూ మిగిలి ఉంటాయి, ఆడపిల్లల చేతులు నెలరోజుల ముగ్గులతో బాగా తిరిగి ఉంటాయి. తోటి సోషల్ టీచర్లు ఎలా చేయాలని అడుగుతున్నారు కాబట్టి, నేను చేసే పద్ధతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కావలసినవి: ఒక పెద్ద సంచీడు ముగ్గు, కాస్త జాజు, నీలం రంగు, రెండు కొబ్బరి తాళ్ళు, నాలుగు మేకులు, పాత అట్టపెట్టెలు. పటం కొలత తేలికే. అడ్డంగా 60 నుంచి 102 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా, నిలువుగా 2 డిగ్రీల దక్షిణం నుంచి 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా తీసుకోండి. అఫ్గానిస్తాన్ నుంచి బర్మా దాకా అన్నీ ఇందులో పడతాయి. మాల్దీవుల చివరి దీవులు భూమధ్యరేఖకి కిందున్నాయి కాబట్టి దక్షిణాన ఆ రెండు డిగ్రీలు వదలకండి. రెండువైపులా 42 డిగ్రీలే వస్తాయి. రెండు డిగ్రీలకి అరమీటరు చొప్పున తాడుకి ముడులు వేసుకుంటే పదిన్నర మీటర్ల చదరం అవుతుంది. ముందురోజు సాయంత్రం నేల ఊడ్పించి కళ్ళాపి చల్లించండి, లేకపోతే ముగ్గు నిలవదు. పొద్దున్నే తాళ్ళు పట్టి సన్నగా గళ్ళు గీయించి, అట్లాసులో ఏ గడిలో ఏముందో చూసి నేల మీద అదే గడిలో వేయించాలి. ఈ లెక్కన సెంటీమీటరు అంటే నాలుగున్నర కిలోమీటర్లు. ఈ ఒక్క మాట పలక మీద రాసి పటం పక్కన పెట్టండి. దీనితో చాలా పని ఉంది.

మొదటి ఏడాది నేనొక పెద్ద పొరపాటు చేశాను. సరిహద్దులు ముందు గీయించి నదులు తర్వాత వేయించాను. పిల్లలు సింధు నదిని గీత దగ్గరికి తెచ్చి ఆపేశారు. "అవతల వాళ్ళది కదా మేడం" అన్నారు. తప్పు నాది, వాళ్ళది కాదు. ఇప్పుడు మొదటి రోజంతా తీరం, కొండలు, నదులు మాత్రమే. హిమాలయాలు జాజుతో. నీలంతో సింధు, జీలం, చీనాబ్, రావి, బియాస్, సట్లెజ్, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి. ఆ రోజు పటం మీద ఒక్క దేశం పేరు కూడా ఉండకూడదు. పిల్లలు దాని చుట్టూ తిరిగి ఇళ్ళకి వెళ్ళాలి. మర్నాడు గీతలు మొదలుపెట్టినప్పుడు ఏ గీత ఏ నదిని కోస్తోందో వాళ్ళే చెప్తారు. 1960లో సింధు జలాల ఒప్పందం ఎందుకు కావలసి వచ్చిందో వేరే పాఠం అక్కర్లేదు. తూర్పు నదులు మూడు మనకి, పడమటి నదులు మూడు వాళ్ళకి అని ఆరుగురు పిల్లల్ని ఆరు నదుల మీద నిలబెడితే చాలు. 2025 ఏప్రిల్లో మన ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టిందనేది కూడా అప్పుడే చెప్పండి, పెద్ద పిల్లలు పేపర్లో చదివే ఉంటారు.

రెండో రోజు గీతలు. ప్రతి గీతకీ ఒక అట్టముక్క ఉండాలి. దాని మీద మూడు ప్రశ్నలు: ఎప్పుడు గీశారు? ఎవరు గీశారు? అక్కడున్న వాళ్ళని అడిగారా? మొదటి రెండూ ఏ గైడులోనైనా దొరుకుతాయి. మూడోదాని కోసమే నేనీ పనంతా చేయిస్తాను. అట్ట రాయకుండా ఏ గీతా వేయనివ్వకండి.

వరస తారీఖుల ప్రకారమే ఉండాలి. 1816లో ఈస్టిండియా కంపెనీకీ నేపాల్‌కీ కుదిరిన సుగౌలి సంధితో నేపాల్‌కి తూర్పున మేచీ నది, పడమట మహాకాళి నది హద్దులయ్యాయి. ఈ గీతని మధ్యమధ్యలో ఖాళీలు వదిలి వేయించండి, ఎందుకంటే 1950 ఒప్పందం తర్వాత మనవాళ్ళూ వాళ్ళూ వీసా లేకుండానే అటూఇటూ వెళ్ళొస్తున్నారు. 1893లో కాబూల్లో అఫ్గాన్ రాజు అమీర్ అబ్దుర్ రహ్మాన్‌తో బ్రిటిష్ ఇండియా అధికారి మోర్టిమర్ డ్యూరాండ్ సంతకం చేయించిన గీత పఠాన్ల ఊళ్ళ మధ్యనుంచి పోయింది. మూడో ప్రశ్నకి జవాబు "లేదు". 1947 సెప్టెంబరులో పాకిస్తాన్‌ని ఐక్యరాజ్యసమితిలో చేర్చుకునేటప్పుడు వద్దని ఓటేసిన ఒకే దేశం అఫ్గానిస్తాన్. ఈ గీత వల్లే.

1937 ఏప్రిల్ 1న బర్మా గీత. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మా ఇంటి కథ. అంతకుముందు రంగూన్ బ్రిటిష్ ఇండియాలో భాగమే. ఓడెక్కితే చాలు. మన తీరం నుంచి వేలమంది కూలికి వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. మా నాయనమ్మ అక్కడే పుట్టింది. చివరిదాకా "రంగం" అనేది గానీ బర్మా అనేది కాదు. 1942లో జపాన్ బాంబులకి భయపడి పన్నెండేళ్ళ పిల్లగా వాళ్ళ నాన్న వెనకాల కొండలు దాటి నడిచొచ్చింది. దారిలో తమ్ముడు పోయాడు. నేను ఆ అట్ట మీద ఆవిడ పేరు రాస్తాను. మీ ఊళ్ళో కూడా రంగం వెళ్ళొచ్చిన ఇళ్ళు ఉంటాయి, పిల్లల్ని ఇంట్లో అడిగి రమ్మనండి. పాఠానికి ప్రాణం అక్కడే వస్తుంది.

ఇక 1947. దీనికి ఒక చిన్న ఆట. పంజాబ్ గళ్ళలో పాతిక చింతగింజలు ఊళ్ళుగా పరవండి, వాటి మధ్య కాలవలు, ఒక రైలు దారి గీయండి. క్లాసులో ఆ రోజు బయటినుంచి వచ్చిన పిల్లాణ్ణి, అంటే వేరే సెక్షన్ వాణ్ణి, పిలవండి. వాడే మన రాడ్‌క్లిఫ్. దేశ విభజన గీత గీసిన రాడ్‌క్లిఫ్ అంతకుముందు ఎప్పుడూ ఇండియాకి రాని లండన్ లాయరు. జులై 8న వచ్చాడు, ఐదు వారాల్లో పంజాబ్, బెంగాల్ రెండింటినీ విడగొట్టాడు. మన పిల్లాడికి ఐదు నిమిషాలివ్వండి. వాడు గీస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు "మా ఊరు అటు వద్దు", "మా కాలవ తెంపకు" అని అరుస్తారు. అరవనివ్వండి. గీయడం అయ్యాక దాని మీద గోనెపట్టా కప్పేసి, "ఈ రోజు ఆగస్టు 15, జెండా ఎగరేయండి" అనండి. పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఏ జెండా? నిజంగా జరిగింది అదే. గీత బయటపెట్టింది ఆగస్టు 17న. ఈలోగా ఖుల్నాలో మన జెండా, ముర్షీదాబాద్‌లో పాకిస్తాన్ జెండా ఎగిరాయి. రెండు రోజులకి రెండూ దించి మార్చుకోవలసి వచ్చింది. అప్పుడు పట్టా తీయండి. అమృత్‌సర్‌కీ లాహోర్‌కీ మధ్య దూరం కొలిపించండి. మన పటంలో బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. ఆ బెత్తెడు మీదుగా ఎంతమంది ఇళ్ళు వదిలి నడిచారో అప్పుడు చెప్పండి. లక్షలమంది చచ్చిపోయారని చెప్పేటప్పుడు గొంతు తగ్గించండి, క్లాసు దానంతటదే నిశ్శబ్దమవుతుంది.

అన్ని చోట్లా అడగలేదని కూడా కాదు. అప్పటి అస్సాంలోని సిల్హెట్ జిల్లాలో, ఎటు ఉంటారో చెప్పమని 1947 జులైలో ఓటు పెట్టారు, అక్కడి అట్ట మీద "అడిగారు" అని రాయించండి. కాశ్మీర్ విషయంలో సర్వే ఆఫ్ ఇండియా పటంలో ఉన్నట్టే హద్దు వేయించి, నియంత్రణ రేఖని చుక్కలతో విడిగా చూపించండి. 1949 కాల్పుల విరమణ రేఖ 1972 సిమ్లా ఒప్పందం తర్వాత నియంత్రణ రేఖ అయిందని రెండు ముక్కల్లో చెప్తే పదో తరగతికి చాలు.

స్వాతంత్ర్యాల వరసకి పిల్లల్నే వాడుకోండి. నేపాల్, భూటాన్ పిల్లలు మొదట్నుంచీ లోపలే నిలబడతారు, ఆ రెంటినీ బ్రిటిష్ వాళ్ళు నేరుగా ఏలలేదు. 1948 జనవరి 4న బర్మా, ఫిబ్రవరి 4న సిలోన్ లోపలికి వస్తాయి. అదే ఏడాది సెప్టెంబరు 17న హైదరాబాద్. 1954లో యానాం ఫ్రెంచి వాళ్ళ చేతిలోంచి బయటికొస్తుంది, కాకినాడ పక్కనే అంతవరకూ వేరే దొరల రాజ్యం ఉందంటే పిల్లలు నమ్మరు. 1961 గోవా, 1965 జులై 26 మాల్దీవులు, 1971 డిసెంబరు 16న ఢాకా లొంగుబాటు. తూర్పు పాకిస్తాన్ అట్ట తీసి బంగ్లాదేశ్ అట్ట పెట్టే పని ఆ గడి దగ్గరున్న పిల్లకే ఇవ్వండి.

బంగ్లాదేశ్ దగ్గర రెండు పనులున్నాయి. మనకి ఎక్కువ పొడవు సరిహద్దు ఎవరితో అంటే అందరూ పాకిస్తాన్ అనో చైనా అనో అంటారు. బంగ్లాదేశ్‌తో, 4,096 కిలోమీటర్లు. మన కొలతలో తొమ్మిది మీటర్ల చిల్లర తాడు. ఆ తాడు కోసి గీత మీద పరవమనండి. చుట్టూ పరిచినా ఇంకా మిగిలిపోతుంది. మిగిలిందంతా మనం ముగ్గుతో గీయలేకపోయిన వంకరలు: ఏటి ఒడ్డు, పొలం గట్టు, ఎవరిదో పెరడు. దానికి పైన సిలిగురి దగ్గర మన నేల బెత్తెడు కూడా ఉండదు, సుమారు 22 కిలోమీటర్లు. ఒక పిల్లాడి చెయ్యి అక్కడ పెట్టించి అవతల ఈశాన్య రాష్ట్రాలన్నీ చూపించండి.

రెండోది ఛిట్‌మహల్ పాఠం, అంటే ఒక దేశం లోపల చిక్కుకుపోయిన ఇంకో దేశం ముక్కల కథ. దీనికి మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ దగ్గర నాలుగు గిన్నెలు అడిగి తెచ్చుకోండి. పెద్ద పళ్ళెం బంగ్లాదేశ్. దాని లోపల చిన్న పళ్ళెం, అది ఇండియా. అందులో గిన్నె, మళ్ళీ బంగ్లాదేశ్. ఆ గిన్నెలో చిన్న కప్పు, మళ్ళీ ఇండియా. ఇది నిజంగా ఉండేది, దాని పేరు దహలా ఖగ్రాబారీ, ఎకరంన్నర కంటే కాస్త పెద్ద పొలం. ఇలా ఒకరి లోపల ఒకరివి మొత్తం 162 ముక్కలు: బంగ్లాదేశ్ లోపల మనవి 111, మన లోపల వాళ్ళవి 51. కరెంటు ఎవరివ్వాలి, బడి ఎవరు కట్టాలి అనేది తేలక అక్కడి జనం దశాబ్దాలు గడిపారు. 1974లో ఇందిరా గాంధీ, ముజీబుర్ రహ్మాన్ ఒప్పందం చేసుకున్నా, అమలయ్యేసరికి 2015 జులై 31 అర్ధరాత్రి అయింది. గిన్నెలు ఒక్కొక్కటే బయటికి తీయించండి. ఈ అట్ట మీద కూడా మూడో ప్రశ్నకి "అడిగారు" అని రాయాలి. ఏ దేశ పౌరులుగా ఉంటారో అక్కడున్న వాళ్ళనే అడిగారు. ఈ అట్ట రాయించేటప్పుడు నాకు ప్రతి ఏడాదీ సంతోషంగా ఉంటుంది.

చివరికి సముద్రం. రామేశ్వరానికీ శ్రీలంకకీ మధ్య ఉన్న కచ్చతీవు దీవి మన పటంలో నువ్వుగింజంత, నిజంగానే ఒక నువ్వుగింజ పెట్టించండి. 1974లో అది శ్రీలంకకి వెళ్ళింది. గుజరాత్‌లోని కచ్‌కీ పాకిస్తాన్‌లోని సింధ్‌కీ మధ్య ఉన్న సముద్రపు పాయ సర్ క్రీక్ 96 కిలోమీటర్లు, జానెడు. దాని నడిమధ్య హద్దు అని మనం, తూర్పు ఒడ్డు హద్దు అని పాకిస్తాన్. అది తేలకపోవడం వల్ల అక్కడి నుంచి సముద్రంలోకి గీత కూడా తేలలేదు. కాబట్టి అక్కడ నీలం గీత వేయించకండి, ఖాళీ వదలండి. "గీత ఎక్కడుంటాది" అన్న పిల్లకి నేను ఇవ్వగలిగిన నిజమైన జవాబు ఆ ఖాళీయే. బంగ్లాదేశ్ వైపు మాత్రం గీత వేయొచ్చు, 2014లో ట్రిబ్యునల్ తీర్పు ఇస్తే మనం ఒప్పుకున్నాం.

ఇక్కడ ఎవరో ఒక పిల్లాడు పాకిస్తాన్ మీద టీవీలో విన్న గట్టి మాట ఒకటి అంటాడు. కోప్పడకండి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్ళలో ఉన్న అవతలి వాళ్ళ జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయని చెప్పండి. రెండు జాబితాల్లోనూ మత్స్యకారులుంటారు. మన దగ్గర కరాచీ వైపు వాళ్ళు, అక్కడ మనవాళ్ళు. మా క్లాసులో ఆ మాట అన్న పిల్లాడే తర్వాత, "వాళ్ళింట్లో కూడా మా అమ్మలాగే ఫోన్ కోసం చూస్తారా మేడం" అని అడిగాడు.

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ కోసం ఎక్కువ సమయం పెట్టకండి. 1985 డిసెంబరు 8న ఢాకాలో ఏడు దేశాలతో మొదలైంది, 2007లో అఫ్గానిస్తాన్ చేరింది, 2014 కాఠ్‌మాండూ తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. ఎనిమిదిమంది పిల్లలు తాడు పట్టుకుని నిలబడితే, ఇద్దరు లాక్కుంటే మిగిలిన ఆరుగురికి ఏమవుతుందో చూస్తారు.

పటాన్ని వెంటనే ఊడ్పించకండి. రెండు మూడు రోజులు ఉండనివ్వండి, సాయంత్రం పెద్దవాళ్ళని పిలవండి. మా దగ్గర పోయినేడు ఒకాయన వచ్చి వెరావల్ ఎక్కడని అడిగి, అక్కడ చెప్పు విప్పి నిలబడ్డాడు. బోటు ఎటు వెళ్తుందో, రాత్రి వల వేశాక గాలికి ఎటు కొట్టుకుపోతుందో కాలి బొటనవేలితో ముగ్గు మీద గీసి చూపించాడు. పిల్లలంతా చుట్టూ చేరారు. వచ్చే ఏడాది ఆయన్ని రెండో రోజు పొద్దుటే రమ్మన్నాను. ముడుల తాడు, అట్టముక్కలు బీరువాలో దాచి ఉంచాను.